గెలిచిన గంటకే తెగిన తాడు

ఒక పరీక్ష ఏడుసార్లు రాశారనుకోండి. ఏడుసార్లూ పోయింది. ఎనిమిదోసారి కొట్టారు, అదీ ఫస్ట్ ర్యాంకుతో. ఇంట్లో ఇంకా స్వీట్లు పంచనే లేదు, ఇంతలో ఓ చావు కబురు. ఆ తర్వాత బతికినంత కాలం జనం మీ ర్యాంకు గురించి కాకుండా ఆ కబురు గురించే అడుగుతుంటే ఎలా ఉంటుంది?

ఎడ్వర్డ్ వింపర్‌కి సరిగ్గా అదే జరిగింది. 1865లో, పాతికేళ్ల వయసులో ఆల్ప్స్ పర్వతాల్లోని మాటర్‌హార్న్ శిఖరాన్ని మొదట ఎక్కిన జట్టులో అతనున్నాడు. దిగేటప్పుడు ఆ జట్టులో నలుగురు చనిపోయారు. ఆరేళ్ల తర్వాత, 1871లో, తన ఆల్ప్స్ అనుభవాలన్నీ కలిపి లండన్‌లో ఓ పుస్తకం తెచ్చాడు. పేరు ‘స్క్రాంబుల్స్ అమాంగ్స్ట్ ద ఆల్ప్స్’. పాత పుస్తకాలు సేకరించేవాళ్లు దాని తొలి ముద్రణ ప్రతి కోసం ఇప్పటికీ వెతుకుతుంటారు. మనకు తొలి ముద్రణ అక్కర్లేదు. కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

కొండలెక్కే సరదా నాకు లేదు. తిరుమల మెట్ల దారిలోనే నాలుగుసార్లు కూర్చునే రకం నేను. మరి ఉద్యోగం వెతుక్కుంటున్న మీకు వింపర్ కథ ఎందుకు చెబుతున్నానంటే, మన కెరీర్‌లో ఎదురయ్యేవన్నీ అందులో ఉన్నాయి. ఇష్టం లేని పని, వరుస ఫెయిల్యూర్లు, పోటీ, తొందర, ఒక ఘోరమైన తప్పు, దాని తర్వాత కూడా బతకాల్సిన 46 ఏళ్లు.

ఇష్టం లేని పనే దారి చూపింది

వింపర్ 1840 ఏప్రిల్ 27న లండన్‌లో పుట్టాడు. పదకొండు మంది పిల్లల్లో రెండోవాడు. తండ్రి జోసయా చెక్క మీద బొమ్మలు చెక్కి అచ్చుకు తయారుచేసే పనిలో పేరున్నవాడు. అప్పట్లో పుస్తకంలో బొమ్మ రావాలంటే ప్రధానంగా అదే పద్ధతి. బాక్స్‌వుడ్ అనే గట్టి చెక్క దిమ్మ మీద బొమ్మను అద్దంలో కనిపించినట్టు తిరగేసి గీయాలి. కాగితం మీద తెల్లగా రావాల్సిన చోటల్లా సన్నటి ఉలితో తొలిచేయాలి. నల్లగా రావాల్సిన గీత మాత్రమే ఎత్తుగా మిగలాలి. చేయి జారితే అంతే, మన కీబోర్డులోలా వెనక్కి తెచ్చే మీట ఉండదు.

14 ఏళ్లకే చదువు మాన్పించి తండ్రి అతన్ని ఈ పనిలో పెట్టేశాడు. ఆ కుర్రాడికేమో ఉత్తర ధ్రువానికి వెళ్లాలని కల. టీనేజీలో రాసుకున్న డైరీలు చూస్తే రోజూ చెక్క చెక్కడమే. బ్రాంచ్ నచ్చకపోయినా సీటు వచ్చింది కదా అని చేరిపోయినవాళ్లకు ఆ విసుగు బాగా అర్థమవుతుంది.

కానీ దారి చూపింది ఆ పనే. 1860లో విలియం లాంగ్‌మన్ అనే పబ్లిషర్‌కు ఆల్ప్స్ పర్వతాల బొమ్మలు కావాల్సొచ్చాయి. పనితనం ఉంది, వయసులో ఉన్నాడు, ఎక్కడికైనా వెళ్లగలడు. 20 ఏళ్ల వింపర్‌ను పంపారు. అంతకుముందు అతను ఎప్పుడూ ఎత్తైన పర్వతం చూసి ఎరగడు. కొండలు గీయడానికి వెళ్లినవాడు కొండలు ఎక్కడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడాదే ఫ్రాన్స్‌లోని మోన్ పెల్వూ ఎక్కేశాడు.

ఇష్టం లేని పని చేస్తూనే ఉండిపొమ్మని చెప్పడం లేదు. ఆ పనిని అతను బాగా నేర్చుకున్నాడు, అది గమనించండి. చేతిలో ఓ పని గట్టిగా ఉంటేనే ఎవరైనా టికెట్ కొనిచ్చి పంపుతారు.

ఒక వేసవి, ఒళ్లంతా గాయాలు

మాటర్‌హార్న్ స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దులో ఉంటుంది. ఎత్తు 4,478 మీటర్లు. ఆల్ప్స్‌లో దీనికంటే ఎత్తైనవి ఉన్నాయి. కానీ ఒంటరిగా, కోసుగా నిలబడిన ఈ కొండను ఎక్కడం మనుషుల వల్ల కాదని అక్కడి జనం నమ్మకం. ఎక్కదగిన దారి ఏదైనా ఉంటే అది ఇటలీ వైపు గుట్టల మీదుగానే అని గైడ్ల అభిప్రాయం. వింపర్ కూడా 1861లో అటు నుంచే మొదలుపెట్టాడు. కుదరలేదు.

1862 వేసవిలో ఒక్క జులై నెలలోనే మళ్లీ మళ్లీ వెళ్లాడు. తోడు వచ్చేవాళ్లు దొరకనప్పుడు ఒంటరిగానే బయల్దేరాడు, ఎవరూ చేరనంత ఎత్తుకు పోయాడు కూడా. తిరిగొస్తూ ఓ మలుపు దగ్గర కాలు జారింది. బండల మీద ఎగిరెగిరి పడుతూ సుమారు 200 అడుగులు కిందికి దొర్లాడు. ఇంకో పది అడుగులు పోతే 800 అడుగుల లోయ. తలకు, ఒంటికి ఇరవైకి పైగా గాయాలు. మంచు ముద్దలు తల మీద అదిమిపెట్టి రక్తం ఆపుకున్నాడు. స్పృహ తప్పి, లేచేసరికి సూర్యుడు దిగిపోతున్నాడు. చీకట్లో పాక్కుంటూ ఊరు చేరాడు. నాలుగైదు రోజులకే మళ్లీ అదే కొండ మీద ఉన్నాడు.

ఇక్కడిదాకా వింటే మామూలు పట్టుదల కథలాగే ఉంటుంది. ‘వదలకు’ అని గోడమీద రాసుకునే రకం. కానీ అతను ప్రతిసారీ ఒట్టి చేతులతో తిరిగి రాలేదు. వెళ్లిన ప్రతిసారీ ఏదో ఒకటి సరిచేసుకున్నాడు. రాత్రి చలికి తట్టుకోలేకపోయాడు, అందుకే నాలుగు కర్రలతో, అడుగున గుడ్డ కలిపి కుట్టిన ఓ గుడారం తానే డిజైన్ చేశాడు. ‘వింపర్ టెంట్’ పేరుతో దాన్ని పర్వతారోహకులు దశాబ్దాలపాటు వాడారు. దిగేటప్పుడు తాడు కొండకే వదిలేసి రావాల్సొస్తోంది, అందుకే కిందినుంచి లాగితే ఊడొచ్చేలా ఓ ఇనుప రింగు తయారుచేశాడు. ఆ గుడారం మోసింది లూక్ మేనే అనే గూని ఉన్న పల్లెటూరి మనిషి. పేరున్న గైడ్లు రామన్నచోటికి అతను వచ్చాడు. వింపర్ తన పుస్తకంలో అతనికి ఎంతో గౌరవమిచ్చి రాశాడు.

ఇంటర్వ్యూలో పోయిన ప్రతిసారీ మీరు ఏం సరిచేసుకున్నారు? అదే రెజ్యూమె, అవే జవాబులతో ఎనిమిదోసారి వెళ్తే అది ఎనిమిదో ప్రయత్నం కాదు, మొదటిదాన్నే ఎనిమిదిసార్లు చేయడం.

పక్కకెళ్లి చూశాడు

ఇటలీ వైపు ఎక్కడం ఎందుకంత కష్టంగా ఉందో వింపర్ ఆలోచించాడు. అక్కడ రాతి పొరలు బయటికి, కిందికి వాలి ఉన్నాయి. అడుగు పెడితే జారుతుంది, చేయి వేస్తే పట్టు దొరకదు. పొరలు ఇటు కిందికి వాలి ఉంటే కొండకు అవతలి వైపు లోపలికి వాలి ఉండాలి కదా? అంటే అటు అవి మెట్లలా ఉండాలి!

అటువైపు, అంటే స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ ఊరి నుంచి చూస్తే ఆ ముఖం నిట్టనిలువు గోడలా కనిపిస్తుంది. అందుకే అందరూ దాన్ని వదిలేశారు. వింపర్ ఎదురుగా కాకుండా పక్కకెళ్లి చూశాడు. వాలు అంత ఎక్కువ లేదు. ఇంకో సాక్ష్యం మంచు. ఆ ముఖం మీద ఏడాది పొడవునా మంచు నిలిచి ఉంటోంది. 45 డిగ్రీలు దాటిన వాలు మీద అంత మంచు నిలవదు. కాబట్టి అది గోడ కాదు, గోడలా కనిపిస్తోంది అంతే.

నాకు ఈ కథలో బాగా నచ్చిన ఘట్టం ఇదే. తాడు, గొడ్డలి ఏమీ లేకుండా, ఓ డ్రాయింగ్ వేసేవాడి కంటితో సగం కొండ ఎక్కేశాడు. ఏళ్లపాటు చెక్క మీద వెలుగునీడలు చెక్కిన చూపు అది. నచ్చని పని అని మనం అనుకునేది ఎక్కడ అక్కరకొస్తుందో చెప్పలేం.

ఒక్క రాత్రిలో టీమ్

1865 జులై. ఇటలీ వైపు వాల్‌టూర్నెన్ష్ ప్రాంతానికి చెందిన జాన్ ఆంత్వాన్ కారెల్ అనే గైడు ఉండేవాడు. మాజీ సైనికుడు. ఆ కొండ ఎక్కడం సాధ్యమేనని మొదటినుంచీ నమ్మిన అతికొద్దిమందిలో ఒకడు. వింపర్‌కు ఒకసారి తోడు, ఇంకోసారి పోటీ. ఈసారి తనతో వస్తాడని వింపర్ నమ్మకంతో ఉన్నాడు. తీరా చూస్తే కారెల్ ఇటలీ వాళ్లతో ఒప్పందం చేసుకుని ముందే బయల్దేరిపోయాడు. వింపర్‌కు ఆ సంగతి జులై 11న తెలిసింది.

ఇక అక్కడి నుంచి అంతా పరుగే. అదే చోట కలిసిన 18 ఏళ్ల లార్డ్ ఫ్రాన్సిస్ డగ్లస్‌తో కలిసి జులై 12న కనుమ దాటి జెర్మాట్ చేరాడు. అక్కడ హోటల్లో చార్లెస్ హడ్సన్ ఉన్నాడు. చర్చి ఫాదర్, ఆ కాలపు మేటి పర్వతారోహకుల్లో ఒకడు. అతని వెంట షామోనీ ప్రాంతపు గొప్ప గైడు మిషెల్ క్రోజ్, 19 ఏళ్ల డగ్లస్ హాడో. వాళ్లు కూడా మర్నాడు అదే కొండకు. రెండు జట్లు పోటీ పడటం ఎందుకని ఆ రాత్రే కలిసిపోయారు. స్థానిక గైడు పీటర్ టౌగ్‌వాల్డర్, అదే పేరున్న అతని కొడుకు తోడయ్యారు.

హాడోకు అనుభవం తక్కువ. అతను పనికొస్తాడా అని వింపర్ హడ్సన్‌ను అడిగాడు కూడా. ఈమధ్యే మోన్ బ్లాన్ చాలామంది కంటే వేగంగా ఎక్కాడని, ఫరవాలేదని హడ్సన్ భరోసా ఇచ్చాడు. చర్చ అంతటితో అయిపోయింది. అవతల కారెల్ ఎక్కుతున్నాడు మరి, ఆగేదెవరు?

జులై 13 పొద్దున బయల్దేరారు. వింపర్ అంచనా నిజమైంది. గోడ అనుకున్నది మెట్లదారే. మరుసటి రోజు, 1865 జులై 14, మధ్యాహ్నం 1.40కి శిఖరం మీద ఉన్నారు. కిందికి తొంగిచూస్తే కారెల్ జట్టు చీమల్లా వెయ్యి అడుగులకు పైగా దిగువన కనిపించింది. వాళ్లకు తెలియాలని అరిచారు, రాళ్లు దొర్లించారు. కారెల్ వాళ్లు ఉసూరుమంటూ వెనుదిరిగారు. మూడు రోజుల తర్వాత కారెల్ అటు నుంచే శిఖరం చేరాడు. అది వేరే కథ.

మూడు తాళ్లు

గంటసేపు పైన గడిపారు. దిగడానికి ఒకే తాడుకు వరుసగా కట్టుకున్నారు. ముందు క్రోజ్, తర్వాత హాడో, హడ్సన్, డగ్లస్, పెద్ద టౌగ్‌వాల్డర్, వింపర్, చివర చిన్న టౌగ్‌వాల్డర్. కష్టమైన చోట బండలకు అదనంగా ఓ తాడు కడదామని వింపర్ హడ్సన్‌తో అన్నాడు. మంచి ఆలోచనే అనుకున్నారు. కానీ ఎవరు కట్టాలి, ఎక్కడ కట్టాలి అన్నది తేల్చుకోలేదు. ఎవరూ కట్టలేదు. మీటింగుల్లో అందరూ తలూపి, ఎవరూ చేయని పనులు మీరు చూసే ఉంటారు.

క్రోజ్ తన గొడ్డలి పక్కన పెట్టి, హాడో పాదాలను ఒక్కొక్కటిగా చేత్తో పట్టి సరైన చోట పెట్టిస్తున్నాడు. తాను ఓ అడుగు దిగడానికి అటు తిరిగాడు. హాడో జారాడు. క్రోజ్ మీద పడ్డాడు. ఆ బరువుకు హడ్సన్, అతని వెంట డగ్లస్ లాక్కుపోయారు. పైనున్న టౌగ్‌వాల్డర్, వింపర్ బండను గట్టిగా పట్టుకుని నిలబడ్డారు. తాడు బిగిసింది. డగ్లస్‌కూ టౌగ్‌వాల్డర్‌కూ మధ్య తెగింది. నలుగురూ దాదాపు 4,000 అడుగుల కిందనున్న హిమానీనదం మీద పడ్డారు. ముగ్గురి శవాలు దొరికాయి. డగ్లస్ ఇప్పటికీ దొరకలేదు.

మిగిలిన ముగ్గురూ అరగంటసేపు ఉన్నచోటే కదల్లేకపోయారు. కాస్త కిందికి వచ్చాక వింపర్ తెగిన తాడును చూడాలన్నాడు. చూసి హతాశుడయ్యాడు. వాళ్లు మూడు రకాల తాళ్లు తెచ్చారు. ఒకటి గట్టి మనీలా తాడు, రెండోది ఇంకా దృఢమైనది, మూడోది పాత రకం, పలచనిది, మూడింటిలో బలహీనమైనది. తెగింది మూడోది. గట్టి తాడు 250 అడుగులు వాడకుండా చుట్టపెట్టే ఉంది!

ఇది చదివినప్పుడు నాకు నా మొదటి ఉద్యోగం గుర్తొచ్చింది. ఓ శుక్రవారం సాయంత్రం కొత్త వెర్షన్ లైవ్ పెట్టేశాం. చప్పట్లు కొట్టాం. రాత్రికి సిస్టమ్ పడిపోయింది. పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లే స్క్రిప్ట్ ఉంది, దాన్ని ఎవరూ ఒక్కసారైనా నడిపి చూడలేదు. రాసింది నేనే. అదృష్టం, మా తప్పుకు ప్రాణాలు పోలేదు. ఎక్కడం గురించి నెలల తరబడి ప్లాన్ వేసి, దిగడం గురించి పది నిమిషాలు కూడా ఆలోచించకపోవడం ఒక్క వింపర్ జట్టు చేసిన పొరపాటు కాదు.

ఆరేళ్లు పట్టిన పుస్తకం

జెర్మాట్‌లో విచారణ జరిగింది. టౌగ్‌వాల్డర్ మీద ఏ నేరమూ రుజువు కాలేదు. లండన్ పత్రికలు మండిపడ్డాయి. వినోదం కోసం ప్రాణాలు పోగొట్టుకోవడం ఏం విజ్ఞత అని టైమ్స్ పత్రిక సంపాదకీయం నిలదీసింది. వింపర్ ఆగస్టులో అదే పత్రికకు లేఖ రాసి జరిగింది చెప్పాడు.

ఆ తర్వాత పుస్తకం మీద కూర్చున్నాడు. రాయడమే కాదు, వందకు పైగా బొమ్మల చెక్కుడు పని కూడా తన వర్క్‌షాపులోనే చేయించాడు, చేశాడు. జాన్ మర్రే సంస్థ 1871లో అచ్చువేసింది. గెలుపు గురించి రాసినంత ఓపికగా ఓటముల గురించి కూడా రాశాడు. ఏ ఏడాది ఎంత ఎత్తు వరకు వెళ్లాడు, ఎందుకు తిరిగొచ్చాడు, గుడారం ఎలా కుట్టాలి, అన్నీ కొలతలతో సహా. తెగిన తాడు ఏదో, తెగనివి ఏవో పక్కపక్కన బొమ్మ వేసి చూపించాడు. అందుకే అది గొప్పలు చెప్పుకునే పుస్తకంగా కాకుండా, ఇంజినీరు రాసిన ప్రమాద నివేదికలా ఉంటుంది.

అయితే ఓ మాట దాచకూడదు. ఆ బలహీనమైన తాడు ఎందుకు వాడారన్న ప్రశ్న దగ్గర వింపర్ వేలు పెద్ద టౌగ్‌వాల్డర్ వైపు చూపిస్తుంది. తాడు కోశాడన్న పుకారును కొట్టేశాడు, కానీ అనుమానం నీడ మాత్రం అతని మీద మిగిల్చాడు. కట్టుకునే సమయంలో తాను బొమ్మ గీసుకుంటున్నానని రాసిన వింపర్, ఆ తాడును తానెందుకు ఒకసారి చూసుకోలేదో అంత గట్టిగా అడగలేదు. పేద గైడుకు లండన్‌లో పుస్తకం వేసే అవకాశం లేదు. ఆ మచ్చ అతన్ని చివరిదాకా వెంటాడింది. నాకు వింపర్ మీద కోపం వచ్చేది ఇక్కడే. రిపోర్టు రాసే అవకాశం మీ చేతికొచ్చినప్పుడు, రాయలేని వాడి పక్షం కూడా ఒకసారి చదువుకోండి.

పాత పోటీదారే తోడుగా

వింపర్ మళ్లీ ఆల్ప్స్‌లో అలాంటి సాహసాలకు పోలేదు. 1867, 1872ల్లో గ్రీన్‌లాండ్ వెళ్లాడు. చిన్ననాటి ధ్రువ ప్రాంతాల కల కొంతైనా తీరింది. తర్వాత మన హిమాలయాలకు రావాలనుకున్నాడు. సరిహద్దుల్లో అఫ్గాన్ గొడవల వల్ల ఆ ఆలోచన మానుకుని దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్ ఎంచుకున్నాడు.

ఈసారి లక్ష్యం వేరు. ఎత్తుకు పోయేకొద్దీ మనిషి ఒంట్లో ఏం జరుగుతుంది? తల పగిలిపోయేంత నొప్పి, ఆయాసం ఎందుకు? ఎత్తును కొలిచే బారోమీటర్లు అక్కడ ఎంతవరకు సరిగ్గా చూపిస్తాయి? ఈ ప్రశ్నలతో 1879లో బయల్దేరాడు. తోడుగా ఎవరిని తీసుకెళ్లాడో తెలుసా? జాన్ ఆంత్వాన్ కారెల్‌ను! 14 ఏళ్ల కిందట ఎవరిని ఓడించడానికి అంత తొందరపడ్డాడో, అతన్నే. 1880 జనవరి 4న ఇద్దరూ, కారెల్ బంధువు లూయీతో కలిసి, 6,263 మీటర్ల చింబొరాజో శిఖరాన్ని మొదటిసారి ఎక్కారు. 1802లో మహా శాస్త్రవేత్త హంబోల్ట్ సగంలో తిరిగొచ్చిన కొండ అది. కోటోపాక్సి అగ్నిపర్వతం కొన మీద ఓ రాత్రంతా గడిపారు. ఆ ప్రయాణాల పుస్తకం 1892లో వచ్చింది. అదే ఏడాది రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ అతనికి పతకం ఇచ్చింది.

కారెల్ 1890లో చనిపోయాడు. మాటర్‌హార్న్ మీద తుపానులో చిక్కుకున్న తన వాళ్లను క్షేమంగా కిందికి చేర్చి, ఆ అలసటతో కొండ పాదాల దగ్గరే ప్రాణం విడిచాడు. దిగడం పూర్తయ్యాకే పని పూర్తయినట్టు అని మాటల్లో కాకుండా చేసి చూపించిన మనిషి.

చేతి పని పోయినప్పుడు

మీకు ఏఐ భయం ఉంది కదా? వింపర్‌కు ఫొటో భయం వచ్చింది. 19వ శతాబ్దం చివరికి ఫొటోలను నేరుగా అచ్చువేసే పద్ధతులు వచ్చేశాయి. చెక్క చెక్కేవాళ్లకు పని పోయింది. తండ్రి నుంచి వచ్చిన వ్యాపారం కళ్లముందే కరిగిపోయింది. అప్పుడు వింపర్ తనకున్నవి లెక్క చూసుకున్నాడు. కొండలు తెలుసు, బొమ్మలు తెలుసు, పుస్తకం తయారుచేయడం తెలుసు. తెర మీద స్లైడ్లు వేసి ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు. 1896లో షామోనీకి, 1897లో జెర్మాట్‌కు టూరిస్టు గైడు పుస్తకాలు రాసి, ఏటేటా సరిదిద్దుతూ కొత్త ముద్రణలు తెచ్చాడు. 60 దాటాక కెనడా రాకీ పర్వతాలకూ వెళ్లొచ్చాడు.

మనిషిగా మాత్రం సుఖపడ్డాడని చెప్పలేం. కటువుగా ఉండేవాడు, ఎవరితోనూ ఎక్కువ కలిసేవాడు కాదు. 1906లో, 66వ ఏట పెళ్లి చేసుకున్నాడు, ఒక కూతురు పుట్టింది, ఆ కాపురం నిలవలేదు. 1911 సెప్టెంబరు 16న షామోనీలో, హోటల్ గదిలో ఒంటరిగా కన్నుమూశాడు. అక్కడే సమాధి చేశారు. తెగిన ఆ తాడు ముక్క జెర్మాట్ మ్యూజియంలో ఉంది. అతని గెలుపు చూడ్డానికి వెళ్లినవాళ్లు కూడా ముందు దాని దగ్గరే ఆగుతారు.

మీరేం తీసుకోవచ్చు?

* ఫెయిలైన ప్రతిసారీ ఒక పేజీ రాయండి: ఎంతవరకు వెళ్లారు, ఎక్కడ ఆగారు, ఏం మారుస్తారు. వింపర్ దగ్గర ఆ లెక్క ఉంది కాబట్టే పుస్తకం వచ్చింది.
* అందరూ కష్టమని వదిలేసిన దారిని ఎదురుగా కాకుండా పక్క నుంచి చూడండి. గోడ కాకపోవచ్చు.
* స్నేహితుడికి ఆఫర్ వచ్చిందన్న తొందరలో దొరికిన దాంట్లో దూకకండి. జులై 12 రాత్రి కాస్త ఆగి ఉంటే హాడో గురించి ఇంకో ప్రశ్న అడిగేవాళ్లేమో.
* ప్రాజెక్టు కావచ్చు, లోను తీసుకుని చేసే విదేశీ ఎంఎస్ కావచ్చు. ఎక్కడం ఎలాగో కాదు, తేడా వస్తే దిగడం ఎలాగో ముందే రాసిపెట్టుకోండి.
* మీ నడుముకు కట్టిన తాడు ఏదో మీరే చూసుకోండి. ఎవరో చూసుంటారులే అనుకోవద్దు. ఆరోజు ఏడుగురూ అలాగే అనుకున్నారు.